గాలి తగ్గేదాకా

మేం వెళ్లేసరికి రన్‌వే పక్కన, గాలి జోరు చూపించే గుడ్డ సంచి నిండా ఉబ్బి అడ్డంగా నిలబడి ఉంది. దాన్ని చూడగానే అన్నయ్య ముఖం వాడిపోయింది. "ఇట్లాగే వీస్తే ఎడ్వర్డియన్లు బయటికి రావురా" అన్నాడు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు కట్టిన విమానాలను అక్కడ అందరూ అలాగే పిలుస్తారు, ఏడో ఎడ్వర్డు రాజు పేరు మీద. ఆకులు గలగలమనే గాలి చాలు, వాటిని హ్యాంగర్లోనే ఉంచేస్తారు. నేను వెళ్లింది వాటికోసమే.

ఓల్డ్ వార్డెన్ ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని చిన్న పల్లె. లండన్ నుంచి రైల్లో బిగల్స్‌వేడ్ దాకా వెళ్లి, అక్కడ టాక్సీ ఎక్కితే కాసేపట్లో చేరిపోతాం. షటిల్‌వర్త్ కలెక్షన్ అనే పాత విమానాల మ్యూజియం ఉన్నది అక్కడే. మ్యూజియం అంటే విమానాలను కప్పుకు వేలాడదీసి, చుట్టూ తాడు కట్టేది కాదు. ఇక్కడి విమానాలు చాలావరకు ఎగురుతాయి. రన్‌వే కూడా పచ్చగడ్డిదే. ఆ రోజు సాయంత్రం ప్రదర్శన. వేసవిలో అక్కడ రాత్రి తొమ్మిదింటి దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి, పొద్దువాలాక గాలి తగ్గుతుందన్న ఆశతోనే ఆ సమయం పెడతారు.

ముందు హ్యాంగర్లకు వెళ్లాం. బ్లేరియో పదకొండో నమూనా విమానం దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. 1909లో కట్టింది. లూయీ బ్లేరియో అదే ఏడాది జులై 25న ఇంగ్లిష్ చానెల్ దాటింది ఈ నమూనాతోనే. అసలు ఇంజనుతో ఇప్పటికీ గాల్లోకి లేవగల విమానాల్లో ప్రపంచంలోకెల్లా పాతది నా ఎదురుగా ఉంది. దగ్గరగా చూస్తే ఒళ్లు జలదరించింది. కర్ర చట్రం, దాన్ని బిగించి పట్టుకున్న తీగలు, రెక్కల మీద గుడ్డ. వెనక సగానికి ఆ గుడ్డ కూడా లేదు, ఎముకల గూడులా అంతా బయటికే కనిపిస్తుంది. మూడు సిలిండర్ల అంజానీ ఇంజను బలం 25 హార్స్‌పవర్. పక్కకు వాలడానికి రెక్కల చివర కదిలే పలకలు లేవు, తీగలు లాగి రెక్కనే మెలితిప్పాలి. ఇంత విలువైన దాన్ని పోగొట్టుకోలేరు కనుక, గాలి బొత్తిగా లేని రోజున రన్‌వే వెంట తిన్నగా చిన్న గెంతు వేయించి దించేస్తారు. ఆ గెంతు చాలనుకుంటూ నేను వచ్చాను.

దీన్ని కాపాడినవాడు రిచర్డ్ షటిల్‌వర్త్. ఓల్డ్ వార్డెన్ ఎస్టేటు వారసుడు. కార్లన్నా విమానాలన్నా ప్రాణం. 1935లో డానింగ్టన్ గ్రాండ్ ప్రి కారు పందెం గెలిచాడు. పాడుబడి మూలన పడ్డ విమానాలను వెతికి తెచ్చుకుని, మళ్లీ ఎగిరేలా చేసుకునేవాడు. 1940 ఆగస్టులో, వైమానిక దళంలో శిక్షణలో ఉండగా, అతను నడుపుతున్న ఫెయిరీ బాటిల్ విమానం రాత్రిపూట కూలి చనిపోయాడు. అప్పటికి 31 ఏళ్లు. ఒక్కగానొక్క కొడుకు. వాళ్లమ్మ డొరొతీ 1944లో కొడుకు పేరు మీద ట్రస్టు పెట్టింది. విమానం కొడుకును తీసుకుపోయిన నాలుగేళ్లకు, ఆ కొడుకు విమానాలను బతికించడానికి పూనుకున్న ఆ తల్లి గురించి ఆలోచిస్తూ చాలాసేపు ఆ హ్యాంగర్లోనే నిలబడిపోయాను.

ప్రదర్శన మొదలయ్యే వేళకీ గాలి తగ్గలేదు. అయితే మొదటి ప్రపంచయుద్ధకాలపు విమానాలు కాస్త గట్టివి, వాటిని బయటికి తీశారు. ఆవ్రో 504కె విమానం ఇంజను వేసినప్పుడు మొదట నన్ను చేరింది చప్పుడు కాదు, వాసన. ఎరిగిన వాసన. రెండు క్షణాలు పట్టింది పోల్చుకోవడానికి: ఆముదం! అన్నయ్య నవ్వి, ఎందుకో చెప్పాడు. ఇది రోటరీ ఇంజను. ఇరుసు కదలదు, సిలిండర్లన్నీ ప్రొపెల్లరుతో కలిసి గిర్రున తిరుగుతాయి. పెట్రోలు కలిసిన గాలి ఇరుసు పెట్టె గుండానే సిలిండర్లలోకి పోవాలి కాబట్టి, పెట్రోల్లో సులువుగా కరిగిపోని నూనె కావాలి. ఆముదం అలాంటిది. లోపలికి పోయిన నూనె మళ్లీ ట్యాంకుకు రాదు, పనైపోయాక పొగతో కలిసి బయటికి చిమ్ముతుంది. ఆ రోజుల్లో పైలట్ల ముఖాల నిండా, బట్టల నిండా అదే.

ఈ ఇంజన్లలో చాలావాటికి వేగం తగ్గించడం సరిగా కుదరదు. దిగేటప్పుడు పైలట్ మీట నొక్కి, పెట్రోలును అంటించే నిప్పురవ్వను ఆపుతూ, వదులుతూ వస్తాడు. అందుకే ఆవ్రో మా తలల మీదుగా వస్తున్నప్పుడు ఇంజను ఒక్కసారి మూగబోయి, మళ్లీ గర్జించి, మళ్లీ మూగబోయింది. ఆ మౌనంలో తీగల మధ్య గాలి ఈల వినిపించింది. అంతమంది జనంలో ఎవరూ మాట్లాడలేదు.

సాప్‌విత్ ట్రిప్లేన్ కథ నాకు భలే నచ్చింది. మూడంతస్తుల రెక్కల యుద్ధవిమానం. ఇప్పుడున్నది ఔత్సాహికులు అసలు నక్షాలను బట్టి కొత్తగా కట్టింది. అప్పటికి ఇంకా బతికున్న సర్ థామస్ సాప్‌విత్ ఆ పనితనం చూసి, దీన్ని నకలు అనకండి, మా ఫ్యాక్టరీనుంచి ఆలస్యంగా వచ్చిన విమానం అనుకోండి అన్నాడట.

ఎస్.ఇ.5ఎ అనే యుద్ధవిమానం బయల్దేరినప్పుడు మాత్రం నా మనసు వేరే చోటికి పోయింది. ఇక్కడున్నది 1918లో నిజంగా యుద్ధం చేసిన విమానమే. కలకత్తాలో పుట్టి బ్రిటిష్ వైమానిక దళంలో చేరిన ఇంద్రలాల్ రాయ్ నడిపిందీ ఈ రకమే. ఆ ఏడాది జులైలో రెండు వారాలలోపే గాలిపోరాటాల్లో 10 విజయాలు సాధించి, జులై 22న ఫ్రాన్సులో అలాంటి పోరులోనే కూలిపోయాడు. వయసు 19. అంతకుముందు ఆ పేరు చదివాను గానీ, ఆ ఇరుకు సీటునూ, దాని ముందున్న తుపాకినీ, చుట్టూ ఉన్న పల్చటి గుడ్డనూ కళ్లతో చూశాకే పందొమ్మిదేళ్లంటే ఎంతో అర్థమైంది.

మిగతావీ ఎగిరాయి. 1934లో ఇంగ్లండు నుంచి మెల్‌బోర్న్ దాకా 71 గంటల్లో చేరి పందెం గెలిచిన ఎర్రటి డి హావిలాండ్ కామెట్ బాణంలా దూసుకుపోయింది. స్పిట్‌ఫైర్ వచ్చినప్పుడు చప్పట్లు మోగాయి. నా కళ్లు మాత్రం గాలి సంచి మీదే.

ఏడున్నరకు అది సగానికి వాలింది. ఎనిమిది దాటాక కర్రకు అంటుకుని వేలాడింది. అన్నయ్య నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. ముందు బాక్స్‌కైట్ బయటికొచ్చింది. ఇది 1965 నాటి ఒక సినిమాకోసం కట్టిన నకలు. పందిరిలాంటి రెండంతస్తుల రెక్కల ముందు పైలట్ ఏ అడ్డూ లేకుండా ఆకాశంలో కుర్చీ వేసుకున్నట్టు కూర్చుంటాడు. తర్వాత 1912 నాటి బ్లాక్‌బర్న్. ఎగరగలిగిన బ్రిటిష్ విమానాల్లో ఇదే అన్నిటికన్నా పాతది. నలుగురు తోక పట్టుకుని ఆపారు. ఇంజను అందుకున్నాక పైలట్ చెయ్యి ఊపగానే వదిలేశారు. గడ్డి మీద గతుకుల్లో ఎగిరెగిరి పడుతూ వెళ్లి, చక్రాలు నేల వదిలాయో లేదో తెలియనంత మెల్లగా లేచింది. చెట్ల ఎత్తు కూడా దాటలేదు. పడమటి వెలుగు రెక్కల గుడ్డలోంచి ఇవతలికి వచ్చి, లోపలి కర్ర పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా కనిపించాయి. నా కళ్లు తడిశాయి.

బ్లేరియోను బయటికి తేలేదు. తలుపులోంచి దాని ముక్కు కనిపిస్తూనే ఉంది. అడుగుదామనుకుంటూ హ్యాంగరు దాకా వెళ్లాను కానీ, అప్పటికే బ్లాక్‌బర్న్‌ను లోపలికి నెడుతున్నారు. నెట్టి నిలిపాక, తెల్లజుట్టు పెద్దాయన ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని, పాతగుడ్డతో దాని పొట్ట మీది ఆముదాన్ని అంగుళం అంగుళం తుడవడం మొదలుపెట్టాడు.