గోల్ఫ్ గ్లౌజు నా ఎడమచేతికి పెట్టిన పరీక్ష

బరంపురంలో బట్టల వ్యాపారం చేసే నేను విశాఖపట్నం వెళ్లినప్పుడల్లా మా బావగారితో కలిసి అక్కడి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో ఆడుతుంటాను. కుడిచేతి వాటం ఉన్న ఆటగాళ్లు గ్లౌజును ఎడమచేతికే తొడుక్కుంటారు. కిందటి వేసవిలో నా ఎడమచేతి చర్మం పొడిబారి, పొట్టు రాలి, వేళ్ల సందుల్లో పగుళ్లు వచ్చి మండసాగింది. ఆ ఎర్రదనం మణికట్టు దగ్గర, వెల్క్రో పట్టీ బిగించే చోట గీత గీసినట్టు ఆగిపోవడాన్ని అందరికంటే ముందు గమనించినవాణ్ణి నేనే.

కొబ్బరినూనెతో కాస్త మెత్తబడింది, అంతకుమించి గుణం కనబడలేదు. మందుల షాపువాడు చీటీ అడగకుండానే స్టీరాయిడు, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపిన ట్యూబు చేతిలో పెట్టాడు. అది రాసినన్నాళ్లూ మంట తగ్గి, మానగానే రెట్టింపయింది. స్టీరాయిడు లేపనాలను చీటీ ఉంటేనే అమ్మాలని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చినా, మా వీధి షాపులకు ఆ కబురు ఇంకా చేరినట్టు లేదు.

తర్వాత ఒక పెద్ద ఆసుపత్రి ఓపీకి వెళ్లాను. సంచిలోంచి గ్లౌజు తీసి చూపబోతే, దాన్ని లోపల పెట్టమని కుర్ర డాక్టరు విసుక్కున్నాడు. గోల్ఫ్ అన్న మాట వినగానే, గోల్ఫ్ ఆడే బాబుకు ఈ లైనులో ఏం పని అని పక్కనున్న కాంపౌండరు ఒడియాలో అంటే బెంచీ మీదివాళ్లంతా నవ్వారు. డాక్టరు నన్ను కళ్లు మూసుకోమని, చేతి వెనుక బాల్‌పెన్ను మొనతో అక్కడక్కడ తాకుతూ, తాకిన ప్రతి చోటును కుడిచేతి వేలితో చూపించమన్నాడు. నేను అన్నీ సరిగ్గానే చూపించాను, చర్మం మీద నీలిరంగు చుక్కలే సాక్ష్యం. అయినా కుష్ఠు అనుమానమంటూ గదంతా వినబడేలా చీటీ మీద రాయించాడు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ చీర చెంగు దగ్గరకు లాక్కుని జరిగిపోయింది. మా బజారులో నన్ను ఎరిగినవాళ్లు ఇద్దరు ఆ గదిలోనే ఉన్నారు. కుష్ఠు ఇంకా కనిపించే ఒడిశాలో పొడిబారిన మచ్చ ఉంటే, అక్కడ స్పర్శ పోయిందేమోనని పరీక్షించడం సబబే, ఆ జబ్బుకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులతో నయమూ అవుతుంది. నాకు మండినదల్లా, ఇంకా తేలని రోగం పేరును అలా అరిచి చెప్పడం, దగ్గరే ఉన్న గ్లౌజు వంక ఒక్కసారైనా చూడకపోవడం.

చివరకు ఒక ప్రైవేటు చర్మ వైద్యుణ్ణి కలిశాను. ఆయన నా చేతికంటే ముందు గ్లౌజును తిరగేసి, లోపలి చెమట మరకలను చూశారు. నా చర్మానికి ఏది పడదో తేల్చేందుకు, రకరకాల పదార్థాలు పెట్టిన పట్టీలు వీపు మీద వరుసగా అంటించి 48 గంటలకు తీసి, 96 గంటలకు మళ్లీ చూశారు. ఉక్కపోతలో వీపు తడవకుండా కాపాడుకోవడం కష్టమే అయినా ఓర్చుకున్నాను. పొటాషియం డైక్రోమేట్ అనే క్రోమియం లవణం పెట్టిన చోట మాత్రమే ఎర్రటి దద్దు లేచింది. పచ్చి తోలును ఊని పదును చేసేటప్పుడు వాడే క్రోమియం లవణాలు చెమటకు కరిగి చర్మంలోకి దిగుతాయని, సిమెంటులోనూ క్రోమియం ఉంటుంది కనుక తాపీ పనివాళ్లలో ఇదే బాధను ఎక్కువగా చూస్తుంటానని ఆయన వివరించారు.

కొద్దికాలం వాడే లేపనం ఒకటి రాసిచ్చి, పడుకోబోయే ముందు వ్యాజలీను దట్టంగా పట్టించమన్నారు. ఇప్పుడు తోలు లేని సింథటిక్ గ్లౌజులు రెండు పెట్టుకుని, ఒకటి ఆరే లోపల రెండోది వాడుతున్నాను. ఆట మధ్యలో, బంతి కొట్టని సమయంలో గ్లౌజు తీసేస్తాను. చేతి గడియారం పట్టీనీ, తోలు చెప్పులనూ కూడా మార్చమన్నారు. పట్టీ మార్చాను కానీ, తోలు లేని చెప్పుల్లో నా కాలికి సరిపడే జత బరంపురం బజారులో ఇంకా దొరకలేదు.