లిన్న అంటే కోటా, పట్నమా?

ఫిన్లాండ్ స్వాతంత్ర్య దినమైన డిసెంబరు 6న ఆ దేశాధ్యక్షుడు హెల్సింకీలోని అధికార భవనంలో ఇచ్చే విందును అక్కడి ప్రజలు ‘లిన్న’లో వేడుక అని పిలుస్తారు. అదే ఫిన్నిష్ భాషలో, వాడుక మాటల్లో, ఫలానా మనిషి ‘లిన్న’కు వెళ్లాడంటే జైలుకు వెళ్లాడని అర్థం. నిఘంటువు మొదట చెప్పే అర్థం మాత్రం ‘కోట’. సుమారు 80 కిలోమీటర్ల సముద్రం దాటి ఎస్టోనియాలోని టాలిన్‌లో దిగితే అదే మాట ‘లిన్’గా మారి, కోటనూ జైలునూ విడిచిపెట్టి, పట్నమనే అర్థంలో స్థిరపడింది. అక్కడ పల్లె మనిషి ‘లిన్’కు వెళ్తున్నానంటే, మనవాళ్లు పట్నం వెళ్తున్నామన్నట్టే, ఏదో సామాను కొనడానికో, ఆఫీసు పని మీదో బయలుదేరాడని అందరికీ తెలుస్తుంది.

అరకు కొండల్లో వినిపించే ‘కువి’, ‘కొండ’ అనే భాషలు మన తెలుగుకు ఏ విధంగా చుట్టాలో, ఫిన్నిష్‌కూ ఎస్టోనియన్‌కూ కరేలియన్, వెప్స్, వోటిక్ భాషలు ఆ విధంగా చుట్టాలు. వీటన్నింటినీ కలిపి ఫిన్నిక్ భాషలంటారు. వీటిలో ఈ మాట ఎక్కడెక్కడ ఏ రూపంలో ఉందో చూస్తే ఒక విషయం ఆశ్చర్యపరుస్తుంది: కోట అనే అర్థాన్ని ప్రధానంగా పట్టుకుని కూర్చున్నది ఫిన్నిష్ ఒక్కటే. కరేలియన్‌లో ‘లిన్న’ పట్నం, వోటిక్‌లోనూ ‘లిన్న’ పట్నమే. ఎస్టోనియా ఆగ్నేయ భాగంలో మాట్లాడే వోరోలో ‘లీన్’, వెప్స్‌లో ‘లిద్న్’, ఇవీ పట్నాలే. మాట్లాడేవారి సంఖ్యలో అందరికంటే పెద్దదైన ఫిన్నిష్, ఈ ఒక్క మాట విషయంలో తన చుట్టాలందరి నుంచీ వేరుపడి నిలిచింది.

వెప్స్ రూపంలోని ‘ద’కారాన్ని తేలికగా తీసుకోకూడదు. పాత ఉమ్మడి భాషలో ఈ మాట మధ్యలో ‘త్న’ అనే సంయుక్తాక్షరం ఉండేదని, మిగిలిన చోట్ల అది ‘న్న’గా కలిసిపోయిందని, వెప్స్ దాని ఆనవాలును నిలుపుకుందని భాషావేత్తలు వివరిస్తారు. అదే వెప్స్‌లో పక్షిని ‘లింద్’ అంటారు. నకారం, దకారం చోట్లు మార్చుకుంటే పట్నం పక్షి అయిపోతుందన్నమాట, కొత్తగా నేర్చుకునేవారిని ఏడిపించడానికి ఇంతకంటే ఏం కావాలి!

ఇక ఫిన్నిష్ ఎందుకు వేరుపడిందన్నది అసలు ప్రశ్న. నాకు తోచిన సమాధానం పొరుగు భాషల దగ్గర ఉంది. ఫిన్నిష్‌లో పట్నాన్ని ‘కౌపుంకి’ అంటారు. అది వర్తకం జరిగే చోటు అనే అర్థంతో స్కాండినేవియా నుంచి వచ్చిన మాట. ఆ అరువు మాట వచ్చి పట్నమనే అర్థాన్ని ఆక్రమించుకున్నాక సొంత మాట ‘లిన్న’కు కోట మిగిలింది. ఎస్టోనియాలో ఇదే తలకిందులుగా జరిగింది. అక్కడ జర్మన్ ప్రభువుల భాష నుంచి ‘లోస్స్’ అనే మాట వచ్చి కోట, రాజభవనం అనే అర్థాలను తీసుకుంది, దుర్గానికి ‘లిన్’ నుంచే ‘లిన్నుస్’ అనే మరో మాట పుట్టింది, పట్నం మాత్రం ‘లిన్’ దగ్గరే ఉండిపోయింది. ఎస్టోనియన్‌లో ‘పెఅ’ అంటే తల. ‘పెఅలిన్’ అంటే రాజధాని. ముక్కలను తిరగేసి ‘లిన్నపెఅ’ అంటే నగర మేయరు. ఫిన్నిష్ వారి రాజధాని ‘ప్యాకౌపుంకి’. తల అనే మొదటి ముక్క ఉమ్మడిది, రెండవది అరువు.

తెలుగువారికి ఈ కథ పరాయిది కాదు. సంస్కృతం నుంచి నగరం, పురం, పట్టణం వచ్చి చేరాక మన ‘ఊరు’ మాటల్లో చిన్నదైంది కానీ, గుంటూరు, ఏలూరు, నెల్లూరు అనే పేర్లలో పెద్దదిగానే నిలిచింది. ‘గుంటూరు నగరం’ అనేటప్పుడు ఆ పేరులో ముందే ఒక ఊరు ఉందని ఎవరికీ తట్టదు. ఫిన్లాండ్‌లో ‘హ్యామేన్‌లిన్న’ అనే ఊరి పేరు తరువాత ‘కౌపుంకి’ చేర్చి రాసేవారికీ తట్టదు. 1639లో పట్నం హోదా పొందిన ఆ ఊరి పేరుకు ‘హ్యామే ప్రాంతపు కోట’ అని అర్థం. ఆ కోట 1953 దాకా జైలుగా పనిచేసిందని తెలిస్తే, ‘లిన్న’కు జైలు అనే అర్థం ఎలా అంటుకుందో ఊహించడం కష్టం కాదు.

కోట చుట్టూ ఊరు పెరగడం, పెరిగిన ఊరికి కోట పేరు మిగలడం మన వైపు కళ్లెదుట కనబడే సంగతే. 1713లో కట్టిన విజయనగరం కోట నేటికీ నిలిచి ఉంది, ఊరు దాని చుట్టూ అల్లుకుంది. విశాఖ పాతబస్తీలోని కోటవీధిలో నేడు కోట కనబడదు, వీధి పేరు మాత్రం ఉంది. అయితే తెలుగులో ‘కోట’ అనే మాట ఎప్పుడూ పట్నంగా మారలేదు. ఆ పనికి ‘పురం’ సిద్ధంగా ఉంది, సంస్కృతంలో అదీ మొదట ప్రాకారం ఉన్న చోటే. మన భాషా కుటుంబంలో ఫిన్నిక్ ‘లిన్న’కు నిజమైన జోడీ కావాలంటే నేను ‘పల్లె’ను చూపుతాను: తెలుగులో అది గ్రామం, మలయాళంలో ‘పళ్లి’ అంటే చర్చి లేదా మసీదు, తమిళంలో ‘పళ్లి’ అంటే బడి.

ఒకే సమాసం రెండు తీరాల్లో ఎంత దూరం జరగగలదో చూపే పేరు మరొకటుంది. ఎస్టోనియన్‌లో ‘లిన్నమ్యాగి’ అంటే పూర్వకాలపు దుర్గం ఉన్న దిబ్బ, పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వే చోటు. ఫిన్నిష్‌లో కోటకొండ అని అర్థమిచ్చే ‘లిన్నన్‌మ్యాకి’, 1950లో హెల్సింకీలో తెరిచిన వినోదాల పార్కు, పిల్లలు రంగులరాట్నం ఎక్కే చోటు.

టాలిన్ పేరును చాలామంది ‘డేన్‌ల కోట’, అంటే డెన్మార్క్ వారి కోట అని వివరిస్తారు. 1219లో డెన్మార్క్ రాజు రెండవ వాల్డెమార్ ఆ చోటును గెలుచుకున్నాడు. ఆ వివరణ సరైనదైతే రాజధాని పేరులోని ‘లిన్’ కోటగా మొదలై పట్నంగా అర్థం మార్చుకున్నట్టే. దీనికంటే నాకు నచ్చే ఉదాహరణ నార్వా నది అవతలి ఒడ్డున, రష్యా వైపున ఉంది. 1492లో మూడవ ఇవాన్ కట్టించిన కోట ఇవాన్‌గొరోద్. రష్యన్ ‘గొరోద్’ కూడా కంచె వేసిన చోటు నుంచి పట్నంగా మారిన మాటే. దానిని ఎస్టోనియన్లు ‘యానిలిన్’ అంటారు, ఫిన్నిష్ వారు ‘ఈవనన్‌లిన్న’ అంటారు. నేడు అక్కడ కోటా ఉంది, పట్నమూ ఉంది కనుక, ఇద్దరిలో ఎవరి అర్థంతో చదివినా ఆ పేరు సరిపోతుంది.