క్లాస్ట్ అంటే విరగ్గొట్టేది: ఒక్క మాట అర్థం తెలియక పోయిన నా ఏడాది

మెడికల్ ఎంట్రన్స్ రెండో అటెంప్ట్ రిజల్ట్ వచ్చి మూడు రోజులైంది. నిద్ర సరిగా పట్టడం లేదు, అయితే ఈసారి అది సంతోషంతో. పోయినేడు ఇదే రోజుల్లో గది తలుపు వేసుకుని, ఎవరి ఫోనూ ఎత్తకుండా కూర్చున్నాను. ఈ సంగతి నాకు అంతకుముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ ఏడాది మిగిలేది. అందుకే మీకు చెబుతున్నాను. ఫిజిక్స్, కెమిస్ట్రీ గురించి నా దగ్గర కొత్త మాటేమీ లేదు. అందరిలాగే లెక్కలు చేశాను, మాక్ టెస్టులు రాశాను. నేను చెప్పేదంతా బయాలజీలో పేర్ల గురించే, అందులోనూ కణజాలాలు, శరీరంలోని పదార్థాల పేర్ల గురించి.

మొదటి అటెంప్ట్‌లో బయాలజీ అంటే నాకు గట్టి ధీమా. ప్రతి చాప్టరూ అయిదారుసార్లు తిరగేశాను. పరీక్షలో కాల్సిటోనిన్ మీద ప్రశ్న వచ్చింది. రక్తంలో కాల్షియం తగ్గించడానికి ఈ హార్మోను ఏ కణాల పనిని అణచివేస్తుంది? ఆప్షన్లలో ఆస్టియోబ్లాస్ట్, ఆస్టియోక్లాస్ట్ పక్కపక్కనే ఉన్నాయి. రెండూ నాకు బాగా తెలిసిన పేర్లే. పుస్తకంలో ఎడమవైపు పేజీలో, బొమ్మ కింద, నేను పసుపు రంగు గీసిన చోటు కూడా కళ్ల ముందు కనబడుతోంది. వాటిలో ఎముకను కట్టేది ఏదో, కరిగించేది ఏదో మాత్రం గుర్తు రావడం లేదు. టెన్షన్‌లో ఒక లాజిక్ తట్టింది. బ్లాస్ట్ అంటే పేలుడు కదా, పేలేదే ఎముకను పగలగొడుతుంది! ఆస్టియోబ్లాస్ట్‌కి ఎదురుగా ఉన్న బబుల్ నల్లగా నింపేశాను. ఇంకో ప్రశ్నలో మెలనిన్, మెలటోనిన్ దగ్గర ఇలాగే తడబడ్డాను. రెండు ప్రశ్నలకీ కలిపి, నెగెటివ్‌తో సహా, పది మార్కులు పోయాయి. కటాఫ్‌కి నేను ఎనిమిది మార్కుల దూరంలో ఆగిపోయాను.

దీన్ని సిల్లీ మిస్టేక్ అన్నారు అందరూ. నేను ఒప్పుకోను. సిల్లీ మిస్టేక్ అంటే తెలిసింది తప్పు రాయడం. నాకు అసలు తెలియనే తెలియదు, తెలుసనుకున్నాను అంతే.

నెల తర్వాత ఒక ఇంగ్లిష్ వ్యాసం చదువుతుంటే ఐకనోక్లాస్ట్ అనే మాట తగిలింది. డిక్షనరీ తీశాను. ఐకాన్ అంటే విగ్రహం, క్లాస్ట్ అంటే విరగ్గొట్టేది. విగ్రహాలు పగలగొట్టేవాడు. అక్కడ నా వేలు పేజీ మీదే ఆగిపోయింది. మరి ఆస్టియో అంటే గ్రీకులో ఎముక. ఆస్టియోక్లాస్ట్ ఎముక విరగ్గొట్టేది! సమాధానం పేరులోనే ఉంది. వెంటనే బ్లాస్ట్ వెతికాను. గ్రీకులో బ్లాస్టోస్ అంటే మొలక, చిగురు. అంటే ఆస్టియోబ్లాస్ట్ ఎముకను మొలిపించేది, కట్టేది. నేను అనుకున్న పేలుడుకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఫైబ్రోబ్లాస్ట్, కాండ్రోబ్లాస్ట్, బ్లాస్టులా, అన్నిట్లోనూ ఆ చిగురే. ఆ రోజు ఏడుపొచ్చింది, నిజం చెబుతున్నాను. ఏడాది పాటు కళ్ల ముందు ఉన్న జవాబును నేను చదవలేదు.

అప్పటి నుంచి ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఒక్కో పదాన్నీ ముక్కలు చేసి, ముక్కకి అర్థం రాసి, పక్కన నా మాటల్లో ఒక వాక్యం. టిష్యూ దగ్గర మొదలుపెట్టాను. అది నేయడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, టెక్స్‌టైల్‌లో ఉన్నదీ అదే. 1802లో ముప్ఫై ఏళ్లకే చనిపోయిన ఫ్రెంచి శాస్త్రవేత్త గ్జావియే బిషా మైక్రోస్కోప్ వాడకుండానే శరీరంలో 21 రకాల టిష్యూలను వేరుచేసి చెప్పాడు. హిస్టాలజీలోని హిస్టోస్ అంటే మగ్గం, మగ్గం మీది నేత. మన తెలుగు మాట చూడండి, కణజాలం. జాలం అంటే వల. వాళ్లు నేత అన్నారు, మనవాళ్లు వల అన్నారు. అల్లిక మాత్రం రెండింట్లోనూ ఉంది. ఇన్నేళ్లూ కణజాలం అని వందలసార్లు రాశాను గానీ అందులో వల ఉందని ఒక్కసారీ అనుకోలేదు.

కండరాల చాప్టర్ నాకు ఎప్పుడూ భయమే. మజిల్ అనే మాట లాటిన్ మస్కులస్ నుంచి వచ్చింది, దాని అర్థం చిట్టెలుక. ఒకసారి మోచేయి మడిచి కండ బిగించి చూడండి, చర్మం కింద చిన్న ప్రాణి ఏదో కదిలినట్టు ఉంటుంది. గ్రీకులో కూడా మూస్ అంటే ఎలుకా, కండరమూ రెండూ. మయోసిన్, మయోగ్లోబిన్, మయోకార్డియం, అన్నిట్లోనూ ఆ ఎలుకే ఉంది. ఇక సార్కో అంటే మాంసం, లెమ్మా అంటే పొట్టు, మెరోస్ అంటే భాగం. సార్కోలెమ్మా అంటే కండర కణం మీది పొట్టు, సార్కోమియర్ అంటే కండరంలో ఒక భాగం, రెండు జడ్ గీతల మధ్య ఉండేది. ఆ చాప్టర్‌లో సగం డెఫినిషన్లు బట్టీ పట్టాల్సిన అవసరమే లేకుండా పోయింది.

సీరమ్, ప్లాస్మా తేడా నాకు ఎన్నిసార్లు చదివినా జారిపోయేది. సీరమ్ అంటే లాటిన్‌లో పాలు విరిగాక తేరే నీరు. పాలు విరిగితే గడ్డ ఒకవైపు, తేట నీరు ఒకవైపు. రక్తం గడ్డకట్టాక మిగిలే తేట కూడా అంతే, గడ్డకట్టించే ప్రోటీన్ ఫైబ్రినోజన్ గడ్డలోకి వెళ్లిపోయింది కాబట్టి సీరమ్‌లో ఉండదు, ప్లాస్మాలో ఉంటుంది. ఇది ఒక్కసారి కళ్లకు కట్టాక మళ్లీ మరిచిపోలేదు.

కొల్లాజెన్ అంటే జిగురు పుట్టించేది. జంతువుల తోలు, ఎముకలు ఉడికించి జిగురు తీసేవాళ్లు కాబట్టి ఆ పేరు. న్యూరోగ్లియాలో గ్లియా కూడా జిగురే. నాడీ కణాలను అంటించి పట్టుకునే పదార్థం అనుకుని 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త విర్కో ఆ పేరు పెట్టాడు. కెరాటిన్‌లోది గ్రీకు కొమ్ము, కార్నియాలోది లాటిన్ కొమ్ము. కొలెస్టరాల్‌లో కోలే అంటే పైత్యరసం, స్టీరియోస్ అంటే గట్టిది. పిత్తాశయ రాళ్లలో దొరికిన పదార్థానికి 1815లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ పెట్టిన పేరు నుంచి వచ్చింది. ఇన్సులిన్ అంటే ద్వీపం నుంచి వచ్చింది. 1869లో లాంగర్‌హాన్స్ పాంక్రియాస్‌లో చూసిన కణాల దీవులే ఆ ద్వీపాలు. అసలు పదార్థాన్ని 1921లో బాంటింగ్, బెస్ట్ వేరుచేశారు, పేరు మాత్రం అంతకు పన్నెండేళ్ల ముందే, 1909లోనే ఉంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆర్టరీ. గ్రీకులో ఆర్టీరియా అనే మాటను శ్వాసనాళానికి కూడా వాడేవారు. చనిపోయాక ధమనులు ఖాళీగా కనబడేవి కాబట్టి వాటిలో గాలి తిరుగుతుందని చాలాకాలం నమ్మారు. ఇప్పుడు ధమని అనే మన మాట విప్పండి. సంస్కృతంలో ధమ్ అంటే ఊదడం! రెండు భాషల్లోనూ రక్తనాళానికి ఊపిరితో ముడిపడిన పేరే ఉంది. ఇది పరీక్షలో రాదు. అయినా నోట్‌బుక్‌లో పేజీ మొత్తం దీనికే ఇచ్చాను.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పేరు ఎప్పుడూ పనిని చెప్పదు. ఎపిథీలియం అనే మాటలో ఎపి అంటే పైన, థీలే అంటే చనుమొన. డచ్ శాస్త్రవేత్త రూయిష్ అక్కడి పలుచని పొరకు వాడిన మాట తర్వాత ఒళ్లంతా ఉన్న ఉపకళకు పాకింది. ఆ అర్థం పట్టుకుని రక్తనాళాల లోపలి పొరను ఊహించబోతే దెబ్బతింటారు. మెలటోనిన్ కూడా అంతే. మెలాస్ అంటే నలుపు గానీ, ఈ హార్మోను కప్ప చర్మంలో నల్లని కణాలను పాలిపోయేలా చేసింది కాబట్టి 1958లో ఆ పేరు వచ్చింది. రంగునిచ్చేది మెలనిన్. నా రెండో తప్పు ఇదే.

ఇదంతా భాషలు చదివేవాళ్ల పని, ర్యాంకు కావాలంటే ప్రశ్నలు చెయ్యి అని నా పక్కన చదివేవాళ్లు చాలామంది అన్నారు. నేను ప్రశ్నలు మానలేదు. రోజుకి పది పదాలు, పావుగంట, అంతే. ఫోన్‌లో ఆ పావుగంట ఎలా పోతుందో మనందరికీ తెలుసు. జ్వరం వచ్చిన రోజు కూడా మూడు పదాలు రాశాను, ఎందుకంటే ఒక్కరోజు వదిలితే రెండో రోజు వదలడం ఎంత తేలికో మొదటి ఏడాది చూశాను. ఈ క్రమం లేకపోతే నోట్‌బుక్ ఎంత అందంగా ఉన్నా ఉపయోగం లేదు. తయారుగా దొరికే పట్టికలు కొనకండి, ఎవరి నోట్సూ ఫొటో తీసుకోకండి. పదాన్ని మీ చేత్తో మీరే విరవాలి.

ఈసారి పరీక్షలో ఒక ఆప్షన్‌లో ఒడాంటోక్లాస్ట్ అని ఉంది. ఆ మాట ఏ పుస్తకంలోనూ, ఏ మాక్ టెస్టులోనూ నేను చూడలేదు. చేయి ఒక్క క్షణం చల్లబడింది. తర్వాత పెన్నుతో ప్రశ్నపత్రం మీదే పదానికి మధ్యలో గీత గీశాను. ఒడాంటో, పన్ను. క్లాస్ట్, విరగ్గొట్టేది. ప్రశ్న పాలపళ్ల వేర్లు ఎలా కరిగిపోతాయి అని. బబుల్ నింపి, పేజీ తిప్పాను.