ఎస్సార్ లేని 80 కోట్ల ఏళ్లు

తిరుమల ఘాట్‌లో ఇరవై రెండేళ్లు బస్సు తోలినాను. అన్నేళ్లూ నేను చూసింది రోడ్డే. కొండను చూసుకుంటూ తోలితే ఏమవుతుందో చెప్పాల్సిన పని లేదు గదా.

మా మేనల్లుడు భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. పోయిన నెల దర్శనం అయినాక తిరుగుదారిలో కారు పక్కన ఆపి, "మామా, దిగు" అన్నాడు. నాకు గుండె గుభేల్‌మంది. ఘాట్‌లో బండి ఆగిందంటే బ్రేకో టైరో అనుకునే అలవాటు నాది. వాడు చూపించింది మాత్రం రాయి.

రోడ్డు కోసం కొండను కోసిన చోట కింద గ్రానైటు, ముద్దముద్దగా, వరసా వాయీ లేకుండా. దాని నెత్తిన క్వార్ట్‌జైటు, అంటే ఇసుకరాయి గట్టిపడి అయిన రాయి, పలకలు పేర్చినట్టు పొరలుపొరలుగా. రెంటికీ నడుమ గీత. గీతకు కిందా పైనా ఉన్న రాళ్ల వయసుకు తేడా దాదాపు 80 కోట్ల ఏళ్లంట. ఆ నడుమ కాలానికి ఇక్కడ రాయే లేదు.

"అంటే అన్నేళ్లకూ ఎస్సార్ లేదా?" అన్నాను. వాడికి అర్థం కాలేదు. కండక్టరు రాసే లెక్కల కాగితంరా అది, మా కాలంలో ఒక్క ట్రిప్పుకు లేకపోయినా సంజాయిషీ ఇచ్చుకోవాల. ఇక్కడ 80 కోట్ల ఏళ్ల లెక్క గాలికి పోతే దాన్నే జాతీయ భూవారసత్వం అంటున్నారు! పైనున్న పొరలు కడప రాళ్ల కుటుంబమేనంట. కడప పేరు ప్రపంచమంతటా భూగర్భశాస్త్రం పుస్తకాల్లో ఉందని వాడు చెప్పినాక, ఆ జిల్లా అల్లుణ్ణి కాబట్టి కొంచెం ఛాతీ విరుచుకున్నాను.

ఆ పొరల సంగతి నాకు ఇంకో రకంగా తెలుసు. రాతిలో నిలువునా అడ్డంగా పగుళ్లుంటాయి. వాననీళ్లు వాటిలో దిగితే బండలు ఊడొస్తాయి. 2021 డిసెంబరు మొదట్లో ఎక్కే ఘాట్‌లో పెద్ద బండలు పడి రోడ్డు దెబ్బతినింది గుర్తుందా? వాన పడిన మర్నాడు మేము పైకి చెవొగ్గి తోలేది అందుకే.

ఆ పగుళ్లలోనే బంగారు బల్లి కాపురం. పొద్దున శిలాతోరణం చూసినాక చక్రతీర్థం దగ్గర అరగంట వెతికినాము, తోక కూడా కనపడలా. మా ఆవిడ మాత్రం చూసినానంటుంది. కంచిలో బల్లిని తాకినప్పటి నుంచి ఆమెకు అన్ని బల్లులూ బంగారు బల్లులే.

శేషాచలం 2010లో బయోస్పియర్ రిజర్వు, అంటే అడవినీ అందులోని జీవాల్నీ కాపాడే ప్రాంతం, అయింది, 4,755 చదరపు కిలోమీటర్లు. అందులో శ్రీవెంకటేశ్వర జాతీయ పార్కు 353. ఎర్రచందనం తనంతట తాను పెరిగేది ఈ చుట్టుపక్కల తూర్పు కనుమల్లోనే. మట్టి కంటే రాయే ఎక్కువున్న ఈ నేల ఆ చెట్టుకు ఎట్లా సరిపోయిందో! దొంగల సంగతి ఎత్తితే రాత్రి తెల్లవారుతుంది, వద్దు.

మేము రాయి దగ్గర నిలబడి ఉండగానే ఒక బస్సు మలుపు తిరిగి వచ్చింది. తోలేవాడు నా దగ్గర నేర్చుకున్న పిల్లోడే. హారన్ కొట్టి, చూపు రోడ్డు మీద నుంచి తిప్పకుండానే వేలు ఎత్తి పోయినాడు.

"ఆయనకీ చెప్పుండాల్సింది మామా" అన్నాడు మేనల్లుడు.

రిటైరయినాక చెప్తాలేరా అన్నాను.