క్యాబిన్ క్రూ ఉద్యోగం: వాక్-ఇన్ వరుస నుంచి పే స్లిప్ దాకా నా అనుభవం

దేశీయ విమానయాన సంస్థ ఒకదానిలో నేను క్యాబిన్ క్రూగా, అంటే విమానం లోపల ప్రయాణికులను చూసుకునే సిబ్బందిలో ఒకదానిగా, పనిచేస్తున్నాను. మాది ఖమ్మం. ఈ ఉద్యోగం గురించి తెలుసుకోవాలని మా ఊరి నుంచి ఫోన్ చేసే పిల్లలు ఎత్తు ఎంత ఉండాలి, రంగు తక్కువైతే తీసుకుంటారా, ఇంగ్లీషు ఎంత రావాలి అని అడుగుతారే తప్ప, జీతం ఏ లెక్కన కడతారని అడిగినవారు నాకు దాదాపు తగల్లేదు. ఎత్తు, ఇంగ్లీషు ఒక్క రోజులో తేలిపోయే విషయాలు. జీతం లెక్క మాత్రం ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వెంట ఉంటుంది. అందుకే వాక్-ఇన్‌కు (నేరుగా హాజరయ్యే ఇంటర్వ్యూకు) వెళ్లినప్పటి నుంచి పే స్లిప్ చదవడం వచ్చేదాకా నాకు ఎదురైనవి వివరంగా రాస్తున్నాను.

డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా హైదరాబాద్‌లోని ఒక ఎయిర్ హోస్టెస్ శిక్షణ సంస్థకు నాన్నగారితో కలిసి వెళ్లాను. లక్షకు పైగా ఫీజు చెప్పి, ఉద్యోగం గ్యారంటీ అన్నారు. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసిన నాన్నగారు అంతా ఓపిగ్గా విని, బయటికి వచ్చాక నన్ను ఒకటే అడిగారు: "ఈ సర్టిఫికెట్ లేకపోతే కంపెనీవాళ్లు ఇంటర్వ్యూకి రానివ్వరా అమ్మా?" ఆ రాత్రి కూర్చుని నాలుగైదు సంస్థల నియామక ప్రకటనలు చదివాను. ఇంటర్ పాసై ఉండాలి, 18 ఏళ్లు నిండి ఉండాలి, స్త్రీలకైతే సాధారణంగా 155 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, పాస్‌పోర్టు ఉండాలి, ఇంగ్లీషు, హిందీ మాట్లాడగలగాలి అన్నారు గానీ, ఫలానా కోర్సు చేసి ఉండాలని ఎక్కడా లేదు. కారణం తర్వాత అర్థమైంది. విమానం ఎక్కి పనిచేయాలంటే పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఆమోదించిన భద్రతా శిక్షణను ఆ సంస్థ వద్దే, ఆ సంస్థ నడిపే విమానాల రకం మీదే పూర్తిచేయాలి. బయట ఎంత ఖరీదైన కోర్సు చేసినా ఈ శిక్షణకు అది బదులు కాదు. మాట తీరుకు, కూర్చునే తీరుకు ఆ సంస్థల్లో కొంత సాధన దొరుకుతుందేమో గానీ, దాని కోసం అప్పు చేయనవసరం లేదని నా గట్టి అభిప్రాయం. ఇంటర్వ్యూకనో యూనిఫాం డిపాజిట్‌కనో డబ్బు అడిగేవారు మోసగాళ్లే. అభ్యర్థుల నుంచి తాము ఏ రుసుమూ తీసుకోబోమని విమానయాన సంస్థలే బహిరంగంగా ప్రకటిస్తుంటాయి.

వాక్-ఇన్ హైదరాబాద్‌లో ఒక హోటల్లో జరిగింది. తెల్లవారకముందే వరుస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. లోపలికి వెళ్లగానే చెప్పులు విప్పించి, గోడకు అంటించిన టేపు దగ్గర ఎత్తు కొలిచారు. చేతుల మీద, మోకాళ్ల కింద మచ్చలు, పచ్చబొట్లు ఉన్నాయేమో చూశారు. చదివింది అప్పజెప్పినట్టు తమ గురించి చెప్పుకొన్నవారిలో చాలామంది మొదటి గదిలోనే ఆగిపోయారు. చివరి ఇంటర్వ్యూలో నన్ను అడిగింది, టేకాఫ్‌కు ముందు ఫోన్ ఆపనని మొండికేసే ప్రయాణికుడితో ఏం చేస్తావని. ముందు నవ్వుతూ కారణం చెబుతాను, వినకపోతే నిబంధన చెబుతాను, అప్పటికీ వినకపోతే సీనియర్‌కు తెలియజేస్తాను, కానీ అతని మాట నెగ్గనివ్వను అన్నాను. నా ఇంగ్లీషులో తెలుగు యాస ఉంది, ఇప్పటికీ ఉంది. ఎవరూ తప్పు పట్టలేదు. తడబడింది హిందీలో. మన జిల్లాల నుంచి వచ్చేవారు ఇంగ్లీషు గురించి పడే బెంగలో సగం హిందీ మీద పెడితే ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే విమానంలో రోజూ పని పడేది దానితోనే.

తర్వాత వైద్య పరీక్ష. ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. క్యాబిన్ క్రూ బరువు విషయమై డీజీసీఏ 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో సాధారణ బీఎంఐని (ఎత్తుకు తగ్గ బరువును చూపే అంకెను) పురుషులకు 18 నుంచి 25 వరకు, స్త్రీలకు 18 నుంచి 22 వరకు నిర్ణయించారు. ఇద్దరూ లాగవలసిన తలుపు ఒకటే, ఎత్తవలసిన పరికరం ఒకటే, స్ట్రెచర్ మీద మోయవలసిన మనిషి బరువూ ఒకటే అయినప్పుడు స్త్రీకి మూడు అంకెలు ఎందుకు తగ్గించారో, అందులో ఆరోగ్యం పాలు ఎంతో, చూపులకు ఇచ్చిన విలువ ఎంతో నాకు ఈనాటికీ ఎవరూ తృప్తిగా చెప్పలేదు. ఆ అంకెలో ఇమడడానికి పరీక్షకు ముందు రెండు రోజులు మజ్జిగ తాగి గడిపిన అమ్మాయి నా పక్క కుర్చీలోనే కూర్చుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంది, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు చివర ఉంది, పాస్‌పోర్టులో విడిగా సర్‌నేమ్ గడిలో ఉంది. మన తెలుగువాళ్లకు ఇది మామూలే గానీ, విమానాశ్రయ ప్రవేశ పాసు కోసం నేపథ్యం తనిఖీ చేసేవారికి ముగ్గురు మనుషులు కనిపిస్తారు. నోటరీ అఫిడవిట్ చేయించి, ఆధార్ సవరించుకునే సరికి చేరవలసిన తేదీ దగ్గరపడింది. పోలీస్ వెరిఫికేషన్ ఖమ్మంలో ఒకటి, హాస్టల్లో ఉన్నందుకు హైదరాబాద్‌లో ఒకటి జరిగాయి. పాసు మంజూరు చేసే పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ నిబంధనలు కఠినంగా ఉండటం సమంజసమే. అయితే ఉద్యోగం వచ్చాక కాకుండా దరఖాస్తు ఆలోచన వచ్చిననాడే అన్ని కాగితాల్లో పేరు ఒకేలా చేసుకోవడం ఎంత ముఖ్యమో నాకు ఆ కొన్ని వారాల్లో తెలిసింది.

శిక్షణ గురించి బయటివారికి ఉన్న ఊహ వేరు. తల దువ్వడం, లిప్‌స్టిక్ రంగు, ట్రే పట్టుకునే పద్ధతి, ఇవి ఉన్నమాట నిజమే గానీ, మా సమయంలో పెద్ద భాగం మంట, పొగ, నీళ్లు, తలుపు, వీటి చుట్టూనే గడిచింది. ఏ320 రకం విమానం తలుపు ఒక్కటే మాకు ఎన్ని గంటలు నేర్పారో చెప్పలేను. లోపలి హ్యాండిల్‌ను కొద్దిగా ఎత్తగానే అద్దం దగ్గర తెల్ల దీపం వెలిగితే స్లైడ్ ఇంకా ఆర్మ్ అయి, అంటే తలుపు తెరిస్తే విచ్చుకునేలా సిద్ధంగా, ఉన్నట్టు. అక్కడే ఆగి హ్యాండిల్ దించేయాలి, లేకపోతే తలుపు తెరుచుకోవడంతోటే గాలి నిండిన జారుడుబల్ల సెకన్లలో బయటికి దూసుకుపోతుంది, కింద ఎవరైనా ఉంటే ప్రాణాపాయం. ఎర్ర దీపం మిణుకుతుంటే లోపల ఇంకా పీడనం మిగిలి ఉన్నట్టు. అప్పుడు అసలు తెరవకూడదు. ఆ రెండు దీపాలను చూడకుండా చెయ్యి పైకి వెళ్లిన ప్రతిసారీ మా ట్రైనర్ మేడం మమ్మల్ని మొదటి నుంచి చేయించేవారు. పొగ నింపిన గదిలో ముఖానికి హుడ్ తొడుక్కుని పాకుతూ వెళ్లి బొమ్మను వెతికి తెచ్చాం. ఫోన్ బ్యాటరీ అంటుకుంటే మంట ఆర్పాక నీళ్లు పోసి చల్లార్చాలి, మంచు గడ్డలు పెట్టకూడదు, మంచు వేడిని లోపలే బంధిస్తుంది అని నేర్చుకున్నాం. ఈతకొలనులో లైఫ్ జాకెట్‌తో దిగి, మరొకరిని లాక్కుంటూ తెప్ప ఎక్కాం. వీటిలో తప్పినవారు కొందరు ఇళ్లకు వెళ్లిపోయారు. ఈ కాలమంతా చేతికి వచ్చింది స్టైపెండ్ మాత్రమే. శిక్షణ పూర్తయ్యాక ఇంతకాలం పనిచేస్తానని బాండ్ మీద సంతకం కూడా అప్పుడే చేశాను.

2024 జనవరి 2న టోక్యోలోని హనేదా విమానాశ్రయంలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం మరో విమానాన్ని ఢీకొని రన్‌వే మీద తగలబడినప్పుడు అందులో ఉన్న 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. మంట ఏ పక్క ఉందో అద్దంలో చూసి, ఏ తలుపు తెరవాలో, ఏది మూసి ఉంచాలో తేల్చుకున్నది క్యాబిన్ క్రూ. ప్రతి 50 సీట్లకు ఒకరు చొప్పున క్రూ ఉండాలన్న మన నిబంధన టీ, కాఫీల కోసం పెట్టింది కాదు. 180 సీట్ల విమానంలో మేం నలుగురం ఉండేది ఆ తలుపుల కోసమే. ఈ సంగతి మనసులో పెట్టుకుని జీతం లెక్క చదవాలని నా మనవి.

మా జీతంలో రెండు భాగాలు ఉంటాయి: నెలకు ఇంతని నిర్ణయించిన మొత్తం ఒకటి, ఎగిరిన గంటలకు ఇచ్చే ఫ్లయింగ్ అలవెన్స్ ఒకటి. బయటి ఊళ్లో రాత్రి ఆగితే లేఓవర్ భత్యం అదనం. ఎగిరిన గంట అంటే చక్రాలకు అడ్డం పెట్టిన చాక్స్ తీసి విమానం కదిలినప్పటి నుంచి, గమ్యంలో మళ్లీ చాక్స్ పెట్టేవరకు మాత్రమే. నా రోజు ఒకటి చెబుతాను. ముంబయి నా బేస్, అంటే నా డ్యూటీలు మొదలయ్యే ఊరు. అక్కడి మరోల్‌లో ముగ్గురం కలిసి ఉంటాం. తెల్లవారుజామున 3 గంటలకు క్యాబ్ వస్తుంది. బ్రీఫింగ్, బ్రీత్ అనలైజర్, భద్రతా తనిఖీ, విమానంలో ప్రతి పరికరాన్నీ ముట్టి చూసుకోవడం, ప్రయాణికులను ఎక్కించడం, ఇదంతా అయ్యాకే లెక్క మొదలవుతుంది. చిన్న దూరాలు నాలుగు తిరిగితే డ్యూటీ పది గంటలకు దగ్గరగా పోతుంది, ఎగిరిన గంటలు ఐదో ఆరో తేలుతాయి. బరువైన సంచులు పైకి ఎత్తలేక ప్రయాణికులు కోపగించుకునేది, గాయాలు ఎక్కువగా అయ్యేది, ఓపిక అన్నిటికంటే ఎక్కువ కావలసి వచ్చేది బోర్డింగ్‌లోనే. ఆ సమయానికే గంట లెక్క లేదు. పొగమంచులో ఢిల్లీలో తలుపులు వేసుకుని విమానం కదలకుండా కూర్చున్న గంటలూ అంతే.

గంటకు 300 రూపాయలని ఊరికే ఒక లెక్కకు అనుకుందాం. 80 గంటలు ఎగిరిన నెలలో 24,000, 45 గంటలే వచ్చిన నెలలో 13,500. ఇంటి అద్దె మాత్రం రెండు నెలల్లోనూ ఒకటే. జలుబు చేసి చెవులు మూసుకుపోతే ఎగరకూడదు, చెవి తెర దెబ్బతింటుంది. అలా సెలవు పెట్టిన వారం ఎగిరే గంటలు పోతాయి. స్టాండ్‌బై రోజున యూనిఫాం ఇస్త్రీ చేసుకుని ఫోన్ పక్కన కూర్చుని, పిలుపు రాకపోతే ఆ రోజూ గంటల్లో చేరదు. ఏడాదికి 1000 గంటలకు మించి ఎగరకూడదన్న డీజీసీఏ పరిమితి మమ్మల్ని అలసట నుంచి కాపాడుతుంది, అది చాలా అవసరం. కానీ జీతం గంటల మీదే నిలబడినప్పుడు మనిషి తన అలసటను తానే దాచుకునే ప్రమాదం ఉంది, దీన్ని నేను తోటివారిలో కళ్లారా చూశాను.

గర్భం దాల్చినప్పుడు ఈ లెక్క ఇంకా కఠినంగా బయటపడుతుంది. గర్భం నిర్ధారణ కాగానే ఎగరడం ఆపాలి. అది తల్లీబిడ్డల మేలుకే. మా సీనియర్ ఒకామె అప్పటి నుంచి కాన్పు సెలవు దాకా స్థిర మొత్తంతోనే గడిపారు. ఒకప్పుడు ఎయిర్ ఇండియా నిబంధనల్లో మొదటి గర్భంతోనే ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం పోయేది. ఎయిర్ హోస్టెస్ నర్గేష్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. ఉద్యోగం నిలబడింది, సంతోషం. ఆదాయం నిలబడే ఏర్పాటు ఇంకా కావాలి.

ఈ అసంతృప్తి నా ఒక్కదానిది కాదు. 2022 జులై 2న ఇండిగో దేశీయ విమానాలు సగానికి పైగా ఆలస్యమయ్యాయి. క్రూలో చాలామంది సిక్ లీవ్ పెట్టి ఎయిర్ ఇండియా నియామకాలకు వెళ్లారని అప్పట్లో పత్రికలు రాశాయి. 2024 మేలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్రూ పెద్ద సంఖ్యలో ఒకేసారి అనారోగ్యమని తెలియజేసి విధులకు రాలేదు. సంస్థ 25 మందిని తొలగించి, ఢిల్లీలో కార్మిక శాఖ అధికారుల సమక్షంలో చర్చలు జరిగాక తిరిగి తీసుకుంది. అమెరికాలో డెల్టా సంస్థ 2022లో బోర్డింగ్ సమయానికి సగం రేటు ఇవ్వడం మొదలుపెట్టింది. 2025 ఆగస్టులో ఎయిర్ కెనడాలో 10,000 మందికి పైగా ఫ్లయిట్ అటెండెంట్లు సమ్మెకు దిగినప్పుడు వారి ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి నేల మీద చేసే పనికి వేతనం. ఆ తర్వాత కుదిరిన ఒప్పందంలో దానికి చోటు దక్కింది. మన దగ్గరా అడగదగిన మాటే ఇది, అడగవలసిన మాట కూడా.

ఈ మధ్య మా పిన్ని కూతురికి ఆఫర్ లెటర్ వచ్చింది. వీడియో కాల్‌లో ఇద్దరం కలిసి ఒక్కొక్క పంక్తీ చదివాం. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న నెల మొత్తాన్ని పక్కన పెట్టి, అందులో స్థిరంగా వచ్చేది ఎంత, ఎన్ని గంటలు ఎగిరితే ఆ పెద్ద అంకె వస్తుంది, గంటలు తగ్గిన నెలలో కనీసం ఇన్ని గంటలకు చెల్లిస్తామనే హామీ ఉందా, శిక్షణలో స్టైపెండ్ ఎంత, బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో వదిలితే కట్టవలసింది కాలంతో పాటు తగ్గుతుందా లేదా అని చూశాం. కనీస గంటల హామీ గురించి అందులో ఒక్క ముక్క కూడా లేదు. "అడిగితే ఏమనుకుంటారో అక్కా" అంది. అడగమన్నాను. మర్నాడు మెయిల్ పెట్టింది. మూడో రోజున ఆ సంస్థ నుంచి, కనీస గంటలు ఎన్నో స్పష్టంగా రాసిన జవాబు వచ్చింది. దాన్ని ఆఫర్ లెటర్‌తో కలిపి దాచుకుని, ఆ తర్వాతే సంతకం చేసింది.