పద్నాలుగు స్టేడియాల్లో ముప్పై వేల గుర్రాలు

ఆదివారం

భోజనం కాగానే ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ రాసిన చరిత్ర 12వ పుస్తకం తీశాను, పక్కన ఓ తెల్లకాగితం. ఇస్సస్ యుద్ధం మీద ఆయన వేసిన లెక్కని మళ్లీ వేసి చూస్తుంటే పొద్దు తెలియలేదు.

క్రీ.పూ. 333లో అలెగ్జాండర్, పర్షియా రాజు మూడో డేరియస్ తలపడిన చోటది. అలెగ్జాండర్ దండయాత్రను గ్రంథస్థం చేయడానికి సేనతో కూడా వెళ్లినవాడు కాలిస్తెనీస్, అరిస్టాటిల్‌కి బంధువు. కొండకీ సముద్రానికీ మధ్య నేల 14 స్టేడియాలకు మించదని ఆయనే రాశాడు. స్టేడియా అంటే 600 అడుగులు, మొత్తం రెండున్నర కిలోమీటర్లనుకోవచ్చు. పర్షియన్ల వైపు గుర్రపు దళం 30 వేలు, కిరాయి సైనికులు ఇంకో 30 వేలు అని రాసిందీ ఆయనే.

పాలిబియస్ గ్రీకు నగరాల అకయన్ కూటమిలో అశ్వదళాధిపతిగా పనిచేసినవాడు. చూడగానే పట్టేశాడు. గుర్రాలు పోరులో అక్కరకు రావాలంటే ఎనిమిది వరసలకు మించి లోతు పనికిరాదు. దళానికీ దళానికీ నడుమ దళం వెడల్పంత ఖాళీ వదలాలి, లేకపోతే పక్కకి తిరగడానికీ వెనక్కి మళ్లడానికీ చోటుండదు. ఆ ప్రకారం ఒక స్టేడియాకి 800 గుర్రాలు, 14 స్టేడియాలకి 11,200. మిగతా 18,800 ఎక్కడ నిలబడ్డాయి? ఒకదాని వెనక ఒకటిగా దాదాపు మూడు దొంతరలు పేర్చాలి. ఇక కిరాయి సైనికుల సంగతేమిటి? (ఖాళీలు తీసేస్తే గుర్రానికి దక్కేది 3 అడుగులే అని నా కాగితం చెబుతోంది. రౌతుల మోకాళ్లు రాసుకుంటాయి. అంటే పాలిబియస్ పిసినారితనమేమీ చూపలేదు.)

కాలిస్తెనీస్ అబద్ధమాడాడని నేననుకోను. నేల కొలత ఒకరి నోట, సైన్యం సంఖ్య ఇంకొకరి నోట విని ఉంటాడు. రెండూ రాసుకున్నాడు కానీ ఒకదానితో ఒకటి భాగించి చూడలేదు. అక్కడే ఉండటం వేరు, కొలవడం వేరు. ఆయన చావు సంగతే చూడండి. టాలెమీ, అరిస్టోబులస్ ఇద్దరూ అలెగ్జాండర్ సేనలో ఉన్నవాళ్లే. హింసించి ఉరి తీశారని ఒకరు, సంకెళ్లతో సేన వెంట తిప్పుతుండగా జబ్బు చేసి పోయాడని మరొకరు.

సేనానికి గణితం రావాలని పాలిబియస్ 9వ పుస్తకంలో పోరేది ఇందుకే. నాకు బాగా నచ్చేది నిచ్చెనల లెక్క. గోడ ఎత్తు 10 అయితే నిచ్చెన 12 ఉండాలి. దాని కాలు గోడకి నిచ్చెన పొడవులో సగం దూరాన, అంటే 6 దగ్గర ఆనించాలి. అంతకన్నా దూరం జరిపితే మనుషులు గుంపుగా ఎక్కినప్పుడు బరువుకి విరుగుతుంది. మరీ నిటారుగా పెడితే ఎక్కేవాళ్లకి నిలకడ ఉండదు. పైథాగరస్ సూత్రంతో సరిచూస్తే పైకొన సుమారు 10.4 దగ్గర ఆనుతుంది, గోడని కాస్త దాటి. క్రీ.పూ. 217లో మాసిడోనియా రాజు ఐదో ఫిలిప్ మెలిటియా ఊరి మీదికి పొట్టి నిచ్చెనలతో వెళ్లాడు. పైగా అర్ధరాత్రికి చేరాల్సినవాడు ముందే బయల్దేరి, జనం ఇంకా మెలకువగా ఉండగానే చేరుకున్నాడు. ఒక తప్పు చాలదన్నట్టు రెండు.

ఏథెన్స్‌లో యాభై ఏళ్లు కూర్చుని పుస్తకాల్లోంచి యుద్ధాలు రాసిన చరిత్రకారుడు టిమీయస్‌ని పాలిబియస్ తిట్టే తిట్లు కాస్త మోతాదు మించాయి. కానీ ఆ తిట్టే హక్కు సంపాదించుకున్నాడు. రోమన్లు కార్తేజ్ నగరాన్ని ముట్టడించినప్పుడు వాళ్ల సేనాని స్కిపియో ఎమీలియానస్ పక్కనే ఉన్నాడు. ముప్పై మంది సైనికులతో ఒక ద్వారం కింద తవ్విన సాహసంలో ఆయనా ఉన్నాడని రోమన్ చరిత్రకారుడు అమ్మియానస్ రాశాడు.

అయితే సేనాని ప్రతి సలహా వింటాడా? గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పిన ముచ్చట ఒకటుంది. రోమన్లు గోడ దాటేశారు, కార్తేజ్ వాళ్లు కోటలో ఉన్నారు, మధ్యలో సముద్రం లోతు తక్కువ. శత్రువు నడిచొచ్చి మీద పడకుండా నీళ్లలో ముళ్ల ఇనుప గుండ్లో, మేకులు దిగ్గొట్టిన పలకలో వేయించమన్నాడు పాలిబియస్. గోడలు పట్టుకుని ఊళ్లోకొచ్చాక శత్రువుతో పోరు తప్పించుకోవాలని చూడటం నవ్వులాటగా ఉంటుందన్నాడు స్కిపియో.