90 హెర్ట్జ్ దగ్గర దొరికిన దొంగ: ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్ రొదతో నా అనుభవం

ఒడిశాలోని పర్లాకిమిడి తెలుగు ఇళ్ళలో పెళ్ళిపాటలు నోటికొచ్చిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. నలుగు పాట, మంగళహారతి, అప్పగింతల పాట... ఒక్కో ఇంటిది ఒక్కో వరస. పిల్లలు బడిలో ఒడియా చదువుతున్నారు, ఇంట్లో తెలుగే మాట్లాడినా ఈ పాటలు మాత్రం వాళ్ళ దాకా రావడం లేదు. గిడుగు రామమూర్తి గారు జనం నోట ఉన్న మాటకు అంత విలువిచ్చి, సవర భాష నేర్చుకున్న ఊరు ఇది. ఇక్కడి పాట ఇక్కడి యాసతోనే మిగలాలని నా పట్టుదల. అందుకే వీలు దొరికినప్పుడల్లా పాత ల్యాప్‌టాప్, యూఎస్‌బీ మైకు పట్టుకెళ్ళి రికార్డు చేస్తుంటాను.

అలా చేసినవాటిని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే పాట వెనక సన్నగా, ఆగకుండా ఒక రొద. గది నిశ్శబ్దంగా ఉన్నకొద్దీ అదే పెద్దగా వినిపిస్తోంది. ల్యాప్‌టాప్ మీద అరచెయ్యి ఆనిస్తే ఎడమవైపు జివ్వుమని తెలుస్తోంది. దానికి తోడు కొన్ని సెకన్లకోసారి లోపల టిక్కుమంటోంది. పాడుతున్న మామ్మే ఒకరు ఆపేసి అడిగారు: "ఏట్రా నాయనా, ఆ డబ్బాలోకి కందిరీగ దూరిందేటి?"

బజార్లో ఒక షాపుకి తీసుకెళ్తే, మూత కూడా తియ్యకుండానే "డిస్కు పోయినట్టే బాబూ, మార్చేద్దాం" అన్నాడు. అందులో పాటలున్నాయి, పాడినవాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు. ఏ చప్పుడు ఎక్కడిదో తేలకుండా దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు. ఇంటికి తెచ్చేసుకుని ముందు రికార్డింగులన్నీ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి, ఆపైన ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. డిస్కు చప్పుడు చేస్తుంటే మొదట చెయ్యాల్సిన పని ఇదే. పరీక్షలూ రిపేర్లూ ఆ తర్వాతే.

రొద సంగతి ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రాంలో తేలింది. మామ్మ పాట ఎత్తుకోక ముందున్న ఖాళీ ముక్కను సెలెక్ట్ చేసి ప్లాట్ స్పెక్ట్రమ్ (ఏ స్థాయి చప్పుడు ఎంతుందో చూపే గ్రాఫు) తెరిస్తే, 90 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 90 సార్లు అదిరే చోట, సూదిలా ఒక గీత లేచి ఉంది. 180 దగ్గర ఇంకోటి, కొంచెం పొట్టిది. నాది నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్కు. 5400ని 60తో భాగిస్తే సెకనుకి సరిగ్గా 90 చుట్లు. అదే 7200 చుట్ల డిస్కయితే గీత 120 దగ్గర కనిపించాలి. ఛార్జర్ వల్లో, ఎర్తింగ్ సరిగ్గా లేకో వచ్చే హమ్ అయితే మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 50, 100 దగ్గర ఉంటుంది. ఫ్యాన్ చప్పుడు వేడిని బట్టి పెరిగి తగ్గుతుంది, ఇలా ఒకేచోట నిలబడదు. ఆ గీత చూశాక అనుమానం తీరిపోయింది.

అయినా ఇంకో పరీక్ష చేశాను. ఇంకో పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటు (విండోస్ లాంటిదే, ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) బూట్ చేసి, డిస్క్స్ ప్రోగ్రాంలో హార్డ్‌డిస్కుని ఎంచుకుని "స్టాండ్‌బై నౌ" నొక్కాను. లోపల తిరుగుతున్నది మెల్లగా ఆగింది, చేతికింద జివ్వుమనడం పోయింది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది. నా చెవికి ఫ్యాన్ చప్పుడు వేరు, డిస్కు చప్పుడు వేరు అని స్పష్టంగా తెలిసింది అప్పుడే.

టిక్కు టిక్కుది వేరే కథ. కాసేపు పని లేకపోతే కరెంటు ఆదా కోసం డిస్కు డేటా చదివే, రాసే తన హెడ్లను తిరిగే పళ్ళేల మీంచి తప్పించి పక్కన పార్క్ చేస్తుంది. మళ్ళీ పని పడగానే వెనక్కి తెస్తుంది. ఆ రాకపోకల లెక్కను డిస్కే రాసుకుంటుంది. డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంలో సీ1 అనే వరసలో కనిపిస్తుంది. అందులో అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో (అక్షరాలు కూడా కలిసే పదహార్ల లెక్కలో) చూపిస్తారు, చాలామంది అక్కడే కంగారు పడతారు. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్‌లోకి వెళ్ళి, రా వాల్యూస్‌ని డెసిమల్‌కి మార్చుకుంటే మనకు అర్థమయ్యే అంకె వస్తుంది. నాది 5 లక్షలు దాటింది. ఇలాంటి ల్యాప్‌టాప్ డిస్కులు చాలావాటికి కంపెనీలు చెప్పే హద్దు 6 లక్షలు. దాటిన మర్నాడే చచ్చిపోతుందని కాదు గానీ, అరుగుదల ఏ స్థాయిలో ఉందో తెలుస్తుంది.

అదే మెనూలో ఏపీఎం అని, డిస్కు కరెంటు ఆదాని అదుపు చేసే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని 254కి పెంచాను, టిక్కులు ఆగిపోయాయి. బదులుగా బ్యాటరీ కొంచెం తొందరగా దిగుతుంది, డిస్కు కాస్త వెచ్చబడుతుంది. అసలు జాగ్రత్త వేరే ఉంది. పార్కింగ్ మానిపించామంటే హెడ్లు ఎప్పుడూ పళ్ళేల మీదే ఉంటాయి. ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌ని ఆ గదికీ ఈ గదికీ మొయ్యకూడదు, షట్‌డౌన్ చేసే కదపాలి. ఇంకోటి, ఆఫ్ చేసి ఆన్ చేస్తే చాలా డిస్కుల్లో ఈ సెట్టింగ్ పోతుంది, మళ్ళీ పెట్టుకోవాలి. ఇవి మామూలు పార్కింగ్ టిక్కులు. డిస్కు తిరగడం మొదలుపెట్టి, టకటకమని కొట్టుకుని, ఆగి, మళ్ళీ మొదలుపెడుతుంటే మాత్రం వెంటనే ఆపెయ్యాలి. ఫ్రిజ్‌లో పెట్టమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, వినొద్దు. లోపల తేమ చేరితే ఉన్నదీ పోతుంది.

ఇక అదురు. ఛార్జర్ పీకి, బ్యాటరీ తీసి, కింది మూత విప్పాను. సంగతి అక్కడే కనిపించింది. డిస్కుని పట్టి ఉంచే రేకు చట్రానికి నాలుగు స్క్రూలు ఉండాలి, రెండే ఉన్నాయి. అవీ ఒకే పక్క. చట్రం చుట్టూ ఉండాల్సిన రబ్బరు పట్టీ ఒకవైపు లేనే లేదు. పైగా 9.5 మిల్లీమీటర్ల మందం డిస్కు పట్టే చోట 7 మిల్లీమీటర్లది కూర్చుంది, మిగిలిన సందులో మడిచిన అట్టముక్క. ఎవరో ఎప్పుడో విప్పి అలా మూసేశారన్నమాట. తిరిగే వస్తువుకి ఒకవైపే పట్టు ఉంటే అదురంతా ల్యాప్‌టాప్ బాడీకి ఎక్కుతుంది, బాడీ నుంచి బల్లకి, బల్ల మీద స్టాండు నుంచి మైకుకి.

మందం సరిపెట్టే ప్లాస్టిక్ స్పేసర్, ఎం3 స్క్రూలు, రబ్బరు పట్టీ ఆన్‌లైన్‌లో తెప్పించాను, పెద్ద ఖర్చేం కాలేదు. బిగించేటప్పుడు ఒకటి చూసుకోవాలి. డిస్కు మీద చిన్న రంధ్రం ఉంటుంది, పక్కన దాన్ని కప్పొద్దని రాసి ఉంటుంది. లోపలి గాలి, బయటి గాలి ఒత్తిడి సమం కావడానికి అది. రబ్బరో స్పాంజో అతికించేవాళ్ళు దాన్ని మూసేస్తే డిస్కుకే చేటు. స్క్రూలు కూడా ఆనేదాకా బిగిస్తే చాలు. మైకుని వేరే స్టూలు మీదకి మార్చి, ల్యాప్‌టాప్ కింద గాలి కన్నాలకు అడ్డం రాకుండా నాలుగు మూలలా రబ్బరు ముక్కలు పెట్టాను. 90 దగ్గర గీత బాగా కిందకి దిగింది, అరచేతికి అదురు తెలియడం లేదు.

అంతటితో ఆగేవాడినే. కానీ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పసుపు రంగులోకి మారింది. సీ5 వరసలో సున్నా ఉండాల్సిన చోట అంకె వచ్చింది. అంటే డిస్కు చదవలేక, ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోని సెక్టార్లు (డేటా రాసే చిన్న చిన్న భాగాలు) ఉన్నాయి. ఒకటి రెండైతే కొన్నాళ్ళు ఆగొచ్చేమో, నాది చూసిన ప్రతిసారీ పెరుగుతోంది. అదురు వల్ల అలా అయిందా, వయసు వల్లా అన్నది నేను తేల్చలేను. ఇలాంటి డిస్కు మీద పాటలుంచడం నాకు ఇష్టం లేదు. పాతపట్నం మీదుగా శ్రీకాకుళం వెళ్ళి 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (పళ్ళేలకు బదులు చిప్పుల్లో డేటా దాచే డిస్కు) కొన్నాను. అదీ 7 మిల్లీమీటర్లదే కాబట్టి అదే చట్రంలో, అదే స్పేసర్‌తో కూర్చుంది. చదవలేని సెక్టార్లున్న డిస్కుని క్లోన్ చేస్తే, అంటే ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి కాపీ చేస్తే, మధ్యలో ఆగిపోవడమో, పాడైన ఫైళ్ళు కూడా రావడమో జరగొచ్చు. అందుకని విండోస్ కొత్తగా వేసుకుని, ముందే తీసిన కాపీ నుంచి పాటలు ఎక్కించాను.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, రొదా లేదు. ఇప్పుడు మిగిలింది పాత రికార్డింగులు శుభ్రం చెయ్యడం. మామ్మల గొంతులు ఎంత తగ్గించి పాడినా మామూలుగా 110 కన్నా పైనే ఉంటాయి, కాబట్టి ఆడాసిటీలో 110 దగ్గర హైపాస్ ఫిల్టర్ (ఆ అంకెకి కిందున్న చప్పుళ్ళు తగ్గించేది) పెడితే పాటకు దెబ్బ తగలకుండా ఆ రొద చాలావరకు తగ్గుతోంది. మగవాళ్ళు పాడినవి, డప్పు ఉన్నవి అలా కొయ్యకూడదు, మంద్ర స్వరం కూడా పోతుంది. వాటికి 90 దగ్గర మాత్రమే సన్నటి నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క చోటే కోసేది) వేస్తున్నాను. ఒక్కో పాట విని, అసలు కాపీ ముట్టుకోకుండా పక్కన ఉంచి, శుభ్రం చేసింది వేరే పేరుతో దాస్తున్నాను. నలుగు పాటలు అయిపోయాయి, అప్పగింతలవి నడుస్తున్నాయి.